ఎన్నేళ్ల వల?

అరుణశ్రీ మేడం మొదటిసారి మా షెడ్డు దగ్గరికి వచ్చినప్పుడు కోనెం చేప కోసం వచ్చిందనుకున్నాను. ఆదివారం పొద్దున బోట్లు ఒడ్డెక్కే వేళకి శ్రీకాకుళం నుంచి అలా చాలామంది వస్తారు. కానీ ఆమె చేతిలో సంచీ లేదు. భుజానికో బ్యాగు, చేతిలో పిల్లలు బడికి తీసుకెళ్లే ప్లాస్టిక్ స్కేలు.

"ఇక్కడ నీడలో కాసేపు కూర్చుని చేపలు కొలుచుకోవచ్చా?" అని అడిగింది.

"కొలుసుకోడమేటి మేడం, కొనుక్కోరా?"

"కొనను. కొలిచి తిరిగి ఇచ్చేస్తాను."

రేవులమ్మపేటలో ఒడ్డుకి పైన, బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు నాది. ఫైబర్ బోట్లకి పగుళ్లు పడితే అతుకులు కూడా నేనే వేస్తాను. నీడ అడిగినవాళ్లకి లేదనడం మా దగ్గర లేదు. ఒక ఇంజను పెట్టె బోర్లించి చూపించాను. ఆమె దానిమీద కూర్చుని, తడి చేపని స్కేలు మీద పెట్టి, అది జారిపోతుంటే మళ్లీ పట్టుకుని, రాసుకోవడం మొదలుపెట్టింది. నాకు చూడబుద్ధి కాలేదు. పనికి తగిన పనిముట్టు లేకుండా ఎవరు కష్టపడుతున్నా నాకు చేతులు దురద పెడతాయి. మరుసటి వారానికి మిగిలిన ఫైబర్ ముక్కతో ఒక పలక చేశాను. ఒక చివర చేప మూతి ఆనడానికి అడ్డు, మధ్యలో స్టీలు స్కేలు అతికించి, చేప జారకుండా రెండు పక్కలా అంచు లేపాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటిది మా కాలేజీ ల్యాబులో కూడా లేదు" అంది. అప్పటినుంచి పలక మా షెడ్డులోనే ఉండేది. ఆమె ఆదివారం ఆదివారం వచ్చేది.

ఆమెది ఆమదాలవలస పక్క ఊరు. నాన్నగారు వరి పండిస్తారు. అక్కడే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. వారమంతా పాఠాలు, ఆదివారం రెండు బస్సులు మారి మా పేటకి రావడం. ఎందుకింత శ్రమ అంటే పీహెచ్‌డీ అంది. పీహెచ్‌డీ అంటే లావుపాటి పుస్తకం రాసి ఇవ్వడం అని నేను విన్నాను. ఆమె చేసేది అలాంటిది కాదట. మూడు వ్యాసాలు రాయాలి. మూడింటిలోనూ మొదటి పేరు ఆమెదే ఉండాలి. పేరున్న పత్రికలకి పంపితే, ముక్కూ మొహం తెలియని పరీక్షకులు చదివి, అనుమానాలు అడిగి, జవాబు నచ్చితే వేసుకుంటారు, లేకపోతే తిప్పి పంపేస్తారు. మూడూ ఒప్పుకున్నాకే వాటిని కలిపి కుట్టి విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి.

నాకీ పద్ధతి నచ్చింది. ఇంజను బాగుచేశానని నేను చెబితే సరిపోదు. దాన్ని వేసుకుని సముద్రంలోకి వెళ్లి తిరిగొచ్చినవాడు చెప్పాలి.

రెండు వ్యాసాలు అచ్చయ్యాయి. ఏ కాలంలో ఏ చేప ఒడ్డుకి వస్తుందన్నది ఒకటి, గుడ్డు పట్టకముందే వలలో పడిపోతున్న పిల్ల చేపల గురించి ఇంకొకటి. మిగిలింది మూడోది. దానికి గడువు ఉంది. ఆమె చేరినప్పుడు ఇచ్చిన గడువు అయిపోతే ఒకసారి పెంచారు. ఇక పెంచరు. ఆగస్టు ఆఖరులోగా మూడో వ్యాసం ఒప్పుకున్నట్టు ఉత్తరం చూపించకపోతే పేరు కొట్టేస్తారు. ఇన్నాళ్ల చదువూ, అచ్చయిన రెండు వ్యాసాలూ కూడా లెక్కలోకి రావు.

మూడో వ్యాసం వలల గురించి. ఆమె ఆలోచన ఇది. వల పాతబడుతున్నకొద్దీ దాని కన్ను, అంటే ముడుల మధ్య సందు, సాగుతుంది, ముడి వదులవుతుంది, చిన్న చేప తప్పించుకుంటుంది. కాబట్టి పాత వలలో పెద్ద చేపలే ఎక్కువ మిగలాలి. అందుకని బోటు ఒడ్డెక్కగానే చేపలు కొలిచి, పక్కన వల గురించి అడిగేది.

"ఇది ఎన్నేళ్ల వల?"

"మూడేళ్లది."

రాసుకునేది. ఆమె చేతులు తడిగా ఉంటే నేనే రాసేవాణ్ణి. రెండేళ్లు, మూడేళ్లు, రెండున్నరేళ్లు, నాలుగేళ్లు. లెక్క వేసి చూస్తే ఆమె అనుకున్నట్టే వచ్చింది. రెండేళ్ల వలల్లో కవ్వలు, మూడేళ్ల వలల్లో కానగంతలు, నాలుగేళ్ల వలల్లో కోనాలు. ఏళ్లు పెరిగేకొద్దీ చేప పెరిగింది. ఆమె గైడు గణపతిరావు గారిది బొబ్బిలి. ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదట. ఆయన కూడా ఇంత శుభ్రమైన ఫలితం ఎప్పుడూ చూడలేదన్నారట. వ్యాసం వెళ్లింది.

మార్చిలో జవాబు వచ్చింది. ఆ ఆదివారం ఆమె పలక తీయలేదు. ఫోను నా చేతికిచ్చి, "చదవండి భాస్కర్ గారూ" అంది. ఇంజన్ల పుస్తకాలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. నెమ్మదిగా చదువుతాను. మొదటి పరీక్షకుడు బాగుందన్నాడు. రెండో ఆయనో, ఆవిడో, ఒకే ఒక్క సంగతి పట్టుకున్నారు. సన్న నైలాను వల, ఉప్పునీళ్లు, ఎండ. మామూలుగా ఒకటి రెండేళ్లకే చినిగి మూలన పడే వలలు ఈ ఒడ్డున నాలుగేళ్లు ఎలా నిలుస్తున్నాయి? దయచేసి వివరించండి.

"ఎలా నిలుస్తున్నాయో నాకూ తెలీదు" అంది. "ఏమైనా పూస్తారేమో, నీడలో దాస్తారేమో. పదండి, నూకయ్య మావని అడుగుదాం. అది రాస్తే వ్యాసం ఇంకా బాగుంటుంది."

నూకయ్యకి సొంత బోటు ఉంది. వాళ్లావిడ తాతమ్మ చేపలు అమ్ముతుంది. వలలు కుట్టడంలో మా పేటలో ఆమె తర్వాతే ఎవరైనా. ఇద్దరూ ఇసకలో వల పరిచి చిరుగులు చూసుకుంటున్నారు.

"మావా, నాలుగేళ్లదని చెప్పింది ఈ వలే కదా?"

"ఔను. నాలుగేళ్లదే."

"నాలుగేళ్లు ఎలా ఆగింది మావా? ఏం చేసి కాపాడుకున్నారు?"

నూకయ్య నా వైపు చూశాడు. "ఏటి బాస్కరూ, మేడమ్మకి ఎండదెబ్బ గానీ తగిలినాదేటి?"

"అడిగినదానికి సెప్పు బావా."

"ఆగడమేటమ్మా. మొన్న దీపావళి ఎల్లినాక కొన్నాను. ఈ ఏడు గడిస్తే గొప్ప."

"మరి నాలుగేళ్లదన్నారు!"

"నాలుగేళ్లదే! నానేటి అబద్ధమాడతన్నానా?" అతనికి కోపం వచ్చింది. వల కన్ను ఒకటి సాగదీసి, కుడిచేతి నాలుగు వేళ్లూ కలిపి అందులోకి దూర్చాడు. "సూడు. ఏలు పక్కన ఏలు, ఒరుసుకుని ఎల్లినాయి. లెక్కెట్టుకో. నాలుగేళ్లు కాదేటిది?"

నూకయ్య వేళ్లు వలలోనే ఉన్నాయి. మా వైపు వేలు అనరు, ఏలు అంటారు. నాలుగు వేళ్లు, నాలుగేళ్లు. వల కన్ను ఎంతుందో చెప్పడానికి వాళ్లకి అదే కొలత. ఇన్నాళ్లూ ఆమె వయసు అడిగింది, వాళ్లు వేళ్లు చెప్పారు. నేను ఇంజన్ల మనిషిని, వల కొన్నవాణ్ణి కాను. నా చెవికి రెండూ ఒక్కలాగే వినపడ్డాయి.

ముందు తాతమ్మ అందుకుంది. "ఓలమ్మో! ఆ గుంట వయసడిగితే నువ్వు ఏళ్లు సూపించినావేటి!"

"నిన్ను అడగనేదేటి? నువ్వేటి సెప్పినావు?"

"మూడేళ్లదన్నాను."

"మీరు వయసే చెప్పారా అత్తా?" అంది అరుణశ్రీ, ఆశగా.

"వలకి వయసెవలు సెప్తారే? పెళ్లి సేస్తామేటి దానికి?"

నవ్వు ఆగలేదు. అరుణశ్రీ కూడా నవ్వింది. నవ్వుతూనే వెనక్కి వచ్చి ఇంజను పెట్టె మీద కూర్చుంది. అప్పుడు మొహం మారింది. "పెద్ద కన్నున్న వలలో పెద్ద చేప పడుతుంది. ఇది కనిపెట్టడానికి నేను మూడేళ్లు తిరిగాను భాస్కర్ గారూ" అంది.

"ఆ మూడేళ్లు ఏ ఏళ్లు మేడం?" అన్నాను. నోరు జారింది. ఆమె కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ నవ్వింది.

గణపతిరావు గారికి అక్కడినుంచే ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. ఆయన మొత్తం విన్నారు.

"నేనూ ఇక్కడివాణ్ణేనమ్మా. ఎన్నేళ్లు అంటే నేనూ వయసే అనుకున్నాను. తప్పు ఇద్దరిదీ."

"వయసుల గడి తీసేసి మిగతాది పంపితే, సార్?"

"గడి తీసేస్తే ఏం మిగులుతుంది?"

ఆమె ఆలోచించింది. "ఏమీ మిగలదు సార్."

"ఇంకోటి చెప్పు. అన్నీ వేళ్లేనా? కొందరు నిజంగా వయసే చెప్పారా?"

"కొందరు 'కొని రెండేళ్లయింది' అన్నారు. అవీ అందులోనే కలిసిపోయాయి. ఎవరు ఏది చెప్పారో ఇప్పుడు విడదీయలేను."

"అయితే సంపాదకులకి ఉన్నదున్నట్టు రాయి. ఈ మాట ఇలా వినపడింది, మేమిలా పొరబడ్డాం అని. గడువు సంగతి తర్వాత చూద్దాం. రాశాక నాకు చూపించనక్కర్లేదు, నేరుగా పంపించు."

ఆమె ఆ ఉత్తరం మా షెడ్డులోనే కూర్చుని ఫోనులో రాసింది. నేను పక్కన ఒక కార్బొరేటరు కడుగుతున్నాను. ఇంజను విప్పి బిగించాక ఒక బోల్టు మిగిలిపోతే, ఎవరూ చూడకుండా జేబులో వేసుకునే మెకానిక్కులని చూశాను. ఆమె ఆ బోల్టుని అందరికీ కనపడేలా పెట్టింది. సంపాదకులు రెండు రోజుల్లోనే మర్యాదగా జవాబిచ్చారు. వేళ్ల కొలతే అసలు సంగతి అయితే దానిమీదే వ్యాసం తిరగరాయండి, అదే పరీక్షకులకి పంపుతాం అన్నారు. కాకపోతే ప్రతి వలనీ మిల్లీమీటర్లలో కొలిచి చూపించాలి.

చేపల కొలతలు ఆమె దగ్గర ఉన్నాయి, ఎవరి వలలో పడ్డాయో కూడా ఉంది. లేనిది వల కన్ను కొలతే. అయితే ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలవుతుంది. రెండు నెలలు ఇంజన్ బోట్లు నీళ్లలోకి దిగవు. కాలేజీలో పరీక్షలు ముగిసి ఆమెకి తీరిక దొరికేదీ అప్పుడే.

"అయిపోయింది" అంది. "వేట ఉన్న రోజుల్లో నాకు సెలవు లేదు. నాకు సెలవిచ్చేసరికి వేట ఉండదు."

తాతమ్మ అప్పుడు షెడ్డు బయట గంప దించుకుంటోంది. "వేట నేకపోతే నీకేటే గుంటా? నీకు గావలసినవి వల్లే కదా? వల్లెక్కడికి పోతాయి? వేట మానినాకే కదా అన్నీ ఒడ్డున పడేసి కుట్టుకుంటాం. బేగి రా."

అవును కదా అని అప్పుడు తోచింది మా ఇద్దరికీ.

మే నెల ఎండలో ఆమె రోజూ వచ్చింది. నా వెర్నియరు ఇచ్చాను. పిస్టను కొలిచే పనిముట్టు అది, ఇంతకుముందు ఎవరికీ ఎరువివ్వలేదు. కొబ్బరాకుల పందిళ్ల కింద ఎక్కడ చూసినా వలలే, వాటి చుట్టూ మనుషులే. వేట రోజుల్లో ఆమెతో నిలబడి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు పిలిచి మరీ కూర్చోబెట్టేవారు. అప్పట్లో వేసిన వల ఇది, ఆ చేపలు పడ్డది దీనిలోనే అని తీసి చూపించేవారు. కొన్ని వలలు చినిగిపోయాయి, కొన్ని అమ్మేశారు. వాటికి సంబంధించిన చేపలన్నీ లెక్కలోంచి తీసేసింది. అంత కష్టపడి కొలిచినవి తీసేస్తున్నావేమని తాతమ్మ అడిగితే, "చూడని వలకి కొలత ఎలా రాయను అత్తా" అంది. తాతమ్మ దానికి తలూపింది. ఆమె అలా తలూపడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

వల కొలిస్తే సరిపోతుందనుకున్నాం. రెండో రోజే ఇంకో గొడవ వచ్చింది. ఒకే వలని నూకయ్య రెండున్నరేళ్లది అన్నాడు, తాతమ్మ మూడేళ్లది అంది.

"మూడేళ్లు ఎక్కడ పడతాయే ఇందులో?"

"పడతాయి. సూడు." ఆమె సన్నటి మూడు వేళ్లు సాఫీగా వెళ్లాయి.

నూకయ్య పెట్టాడు. మూడో వేలు సగంలో ఆగిపోయింది.

"నీవి ఏళ్లా, అరటిపళ్లా?" అంది తాతమ్మ. "వల కొనేది నాను, కుట్టేది నాను. నా ఏలే కొలత."

"సముద్రంలో లాగేది ఎవలే?"

"లాగడానికి కొలతెందుకు మావా, బలం చాలదూ?"

ఈ చివరి మాట అన్నది అరుణశ్రీ. పందిరంతా గొల్లుమంది. ఆ రోజునుంచి ఆమె వలతోపాటు చెప్పిన మనిషి వేళ్లు కూడా కొలవడం మొదలుపెట్టింది. పేటలో అది పెద్ద వేడుక అయిపోయింది. వలలు లేనివాళ్లు కూడా చెయ్యి చాపుకుని వచ్చేవారు, మాదీ కొలువు అని. ఆమె ఎవరినీ కాదనలేదు. వెర్నియరు చల్లగా తగులుతుందని ముసలమ్మలు నవ్వేవారు. ఎవరింట్లో వల ఎవరు కుడతారో, కొనడానికి ఎవరు వెళ్తారో అడిగి రాసుకుంది. చాలా ఇళ్లలో కొలత ఆడవాళ్ల వేళ్లదే అని తేలింది. మూడేళ్ల వల అంటే ఒక అంకె కాదు, ఇంతనుంచి ఇంతదాకా, ఆ ఇంటి చేతిని బట్టి. ఆ తేడాలో ఏ చేప ఆగుతుంది, ఏ చేప జారిపోతుంది అన్నదే కొత్త వ్యాసం అయింది. పాతదానికంటే అదే బాగుందని గణపతిరావు గారు అన్నారట. ఆయన ఒకరోజు బొబ్బిలినుంచి స్వయంగా వచ్చి, వేళ్లు కొలిపించుకుని, తాతమ్మ పెట్టిన చేపల పులుసు తిని వెళ్లారు.

జూన్‌లో వ్యాసం వెళ్లింది. ఆ తర్వాత ఎదురుచూపు. నిషేధం ముగిసి బోట్లు దిగాయి. షెడ్డులో నాకు ఊపిరి సలపని పని. ఆమె ఆదివారాలు వచ్చి, ఏమీ కొలవకుండా, నేను అడగకుండానే "ఇంకా రాలేదు" అనేది. నూకయ్య ఒడ్డెక్కగానే అడిగేవాడు, "మన ఏళ్ల ఉత్తరం వచ్చినాదా?" అని. ఎప్పుడు మొదలైందో తెలీదు, అది మన ఉత్తరం అయిపోయింది.

జులై చివరలో రెండో పరీక్షకుడి మాట వచ్చింది. పొరపాటుని దాచకుండా చెప్పినందుకు ధన్యవాదాలు అని ముందు రాశారు. తర్వాత ఒకటే అడిగారు. ఈ కొలతని ఆ మనుషులు ఏ మాటతో పిలుస్తారు? ఇంగ్లీషు మాట కాకుండా వాళ్ల మాటే వ్యాసంలో వాడితే బాగుంటుంది.

అరుణశ్రీ వేలు అని రాసింది. తాతమ్మకి చదివి వినిపించింది.

"వేలు ఎవలే? మాకు ఏలు."

"పుస్తకంలో వేలు అని ఉంటుంది అత్తా."

"పుస్తకం వల కుడతాదేటి?"

అరుణశ్రీ వే కొట్టేసి ఏ పెట్టింది. అది ఇంగ్లీషు అక్షరాల్లో ఇప్పుడు వ్యాసంలో అలాగే ఉంది. పక్కన ఒక చిన్న వివరం కూడా ఉంది. ఏళ్లు అన్నప్పుడు ఈ మాట సంవత్సరాలు అని కూడా వినపడుతుంది, ఈ ఒడ్డున పనిచేసేవాళ్లు అడిగేటప్పుడు జాగ్రత్తపడాలి అని. తర్వాత వచ్చేవాళ్ల కోసం ఆ మాట రాసిపెట్టిందని నాకు చాలా సంతోషం వేసింది. పని చేసేవాడు, తను జారిన చోట ఇంకొకరు జారకుండా ఇసక చల్లి వెళ్లాలి.

ఒప్పుకున్నట్టు ఉత్తరం ఆగస్టు నెల మధ్యలో వచ్చింది, గడువు ఇంకా ఉండగానే. ఆమె ఫోను చేయలేదు. కాలేజీనుంచి నేరుగా బస్సెక్కి వచ్చేసింది. వ్యాసాన్ని రంగుల్లో అచ్చు తీయించి తెచ్చింది, ఇంటికొకటి చొప్పున. రెండో పేజీలో బొమ్మ ఉంది. సాగదీసిన వల కన్ను, అందులో మూడు వేళ్లు, చూపుడు వేలికి సూది గుచ్చుకున్న పాత మచ్చ. ఎవరి చేయో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

చివరి పేజీలో కృతజ్ఞతలు చదివి తెలుగులో చెప్పింది. తాతమ్మ పేరు, నూకయ్య పేరు, వేళ్లు చాపిన అందరి పేర్లూ ఉన్నాయి. చేపలు కొలిచే పలక చేసిన మనిషి అని నా పేరు ఉంది. ఆ మాట అలాగే ఉంది, చేసిన మనిషి అని. పేరు తెలియని రెండో పరీక్షకుడికి కూడా ఒక వాక్యం ఉంది. శ్రద్ధగా చదివి, అడగాల్సింది అడిగినందుకు. ఆ మనిషి ఏ దేశంలో ఉన్నారో, ఆడో మగో మాకు తెలీదు. ఎప్పుడైనా మా పేటకి వస్తే తాతమ్మ ఇంట్లో పులుసు ఉంటుంది, నా షెడ్డులో నీడ ఉంటుంది.

"నా నాలుగేళ్లూ పడనేదేటి బొమ్మలో?" అన్నాడు నూకయ్య, కాగితం వెనక్కీ ముందుకీ తిప్పుతూ.

"అరటిపళ్లు అచ్చెయ్యరంట" అంది తాతమ్మ. తన కాగితాన్ని తడి చేత్తో ముట్టుకోకుండా, కొంగుతో పట్టుకుని చూస్తోంది. చాలాసేపు చూసి అడిగింది. "ఇంతకీ నీ సదువు ఎన్నేళ్లదే గుంటా?"

అరుణశ్రీ నవ్వి కుడిచెయ్యి పూర్తిగా తెరిచి చూపించింది. "ఐదేళ్లది అత్తా."

తాతమ్మ కాగితం నా చేతికిచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, తన అయిదు వేళ్లూ ఆ చేతికి ఆనించి పెట్టి చూసింది, వల కొనేముందు చూసినట్టు.

"సరిపోయినాది" అంది.